మగ్గం గుంతలో దొరసాని చెట్టు

పోయిన నెలలో వనపర్తిలో ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లి వస్తూ పెద్దమందడి దారిలో కొత్తగా పెట్టిన నర్సరీ దగ్గర ఆగాను. ఒక కరివేపాకు మొక్క కొందామని, అంతే. ఆకుపచ్చ వల కింద, మిగతా మొక్కలకు ఎడంగా, నల్ల ప్లాస్టిక్ సంచిలో మోకాలెత్తు మొక్క ఒకటి కనిపించింది. ఈనెకు అటూ ఇటూ జతలుగా ఆకులు, ఆకుల అంచున సన్నటి రంపపు పళ్లు. "అది ఎల్డర్‌బెర్రీ అంట మేడం. చల్ల దేశం చెట్టు. ఎవరో చెప్తే తెప్పిచ్చిన, వాళ్లు తీస్కపోలే. మన ఎండలకు ఆగదు, మీకెందుకు తియ్యుండ్రి," అన్నాడు నర్సరీ ఆయన. అమ్మేవాడు ఇంత నిజం మాట్లాడితే ఎలా బతుకుతాడో అనుకుంటూ ఒక ఆకు తుంచి నలిపాను. చెయ్యి ముక్కు దాకా రాకముందే వాసన కొట్టింది. బియ్యం బస్తాల వెనక ఎలుక పిల్లలు పెట్టినప్పుడు గదిలో తిరిగే వాసన. ఎర్రటి ఎండలో నిలబడి ఉన్నదాన్ని, ఒళ్లంతా జలదరించింది. చిన్నప్పుడు గద్వాలలో మా వెనక కొట్టం తలుపు తెరిస్తే వచ్చే వాసన అది. "ఆగుతుంది. మధ్యాహ్నం ఎండ తగలనీయకపోతే ఆగుతుంది. కాకపోతే మనం ఒకచోట పెడితే అది ఇంకోచోట మొలుస్తుంది," అని మొక్కను ఒళ్లో పెట్టుకుని కారెక్కాను. కరివేపాకు సంగతి మరిచేపోయాను.

మా ఇంట్లో దాని పేరు దొరసాని చెట్టు. తెచ్చింది మా చిన్నమ్మ. మా నాయిన తమ్ముడి భార్య, అచ్చంపేట పిల్ల. అక్కడ ఒక దవాఖానలో పనిచేసిన విదేశీ నర్సమ్మ ఇంట్లో చిన్నమ్మ వాళ్లమ్మ వంట చేసేదట. ఆ నర్సమ్మ తన ఊరి చెట్టు కళ్లముందు ఉండాలని ఊటీ నుంచి కొమ్మ తెప్పించుకుని పెంచుకుందట. ఆమె దేశం వెళ్లిపోయేటప్పుడు చిన్నమ్మ ఆ చెట్టు కొమ్మ ఒకటి విరిచి దాచుకుంది. కొత్త కోడలిగా మా ఇంట్లో కాలు పెట్టిన రోజున ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో తడిగుడ్డ చుట్టిన పుల్ల. మా అవ్వ, నాయిన వాళ్లమ్మ, ఆ పుల్లను చూసి "అందరి కోడండ్లు సామాన్లు తెస్తరు, నా కోడలు పొయ్యిలకు కట్టె తెచ్చింది," అన్నదట. ఆ మాట మా ఇంట్లో ఎంతకాలం నడిచిందో చెప్పలేను. పప్పు ఉడకకపోయినా, పొయ్యి రాజుకోకపోయినా అందరి కళ్లూ వెనక పెరట్లోకి పోయేవి.

మాది నేత ఇల్లు. పొద్దున లేచేసరికి పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, అవ్వ పీల్చే నశ్యం వాసన కలగలిసి ఇల్లంతా నిండి ఉండేది. ముందు గదిలో నాయిన మగ్గం, వెనక కొట్టంలో చిన్నాయన మగ్గం. రెండూ గుంత మగ్గాలే. నేసే మనిషి గుంత అంచున నేల మీద కూర్చుని, కాళ్లు కిందికి దించి చెక్కలు తొక్కేవాడు. ఎండాకాలంలో కూడా గుంతలో చల్లగా ఉండేది, దారం ఎండితే తెగుతుందని అవ్వ పొద్దున్నే దాని చుట్టూ నీళ్లు చిలకరించేది. గద్వాల చీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. నడుమంతా నూలు, అంచులు పట్టు. నడిమికి దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఒకటి, అంచులకు వేరే నాడెలు. ప్రతి వరసలోనూ అంచు దారం నడిమి దారాన్ని పట్టుకుని మెలిపడాలి. అందుకని గుంతలో ఒకరు, పక్కన పీట మీద ఒకరు. చిన్నాయన గుంతలో కూర్చుంటే ఎడమ పక్క పీట మీద చిన్నమ్మ కూర్చుని అంచు నాడె అందించేది. సర్రుమని ఒక చప్పుడు, వెంటనే దబ్బుమని ఒక చప్పుడు. వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ, ఆ రెండు చప్పుళ్లే ఎక్కువ. ఆడవాళ్లు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టవచ్చు, గంజి పట్టవచ్చు, పక్కన కూర్చోవచ్చు. గుంతలోకి మాత్రం దిగకూడదు. ఎందుకని అడిగితే అవ్వ నశ్యం డబ్బా మూత టక్కున వేసేది. అదే జవాబు.

చిన్నమ్మ ఆ పుల్లను కొట్టం వెనక, ఉత్తరపు గోడ నీడన నాటింది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. మిగిలిన గంజినీళ్లు దాని మొదట్లోనే పొయ్యాలి. వేరుశనగ పొట్టు తెచ్చి జానెడు మందాన పరిచేది, అడుగు తడి ఆరకుండా. చైత్రం వచ్చిందంటే పడమటి వైపు గోనెసంచులు కుట్టి పరదాలాగా కట్టేది. మొదటి ఎండాకాలంలోనే అది ఆకులన్నీ రాల్చి, నిజంగానే పొయ్యిలో కట్టె లాగా అయింది. పీకెయ్యమని అందరూ అన్నారు. చిన్నమ్మ పీకలేదు. మృగశిర చినుకులకు మొదట్లో నుంచి వేలంత లావు చిగుళ్లు లేచాయి. తర్వాత ఏళ్లల్లో మనిషి ఎత్తు పొద అయింది. గొడుగుల్లాంటి తెల్లపూలు, తర్వాత మిరియాలంత నల్లటి పళ్లు. పచ్చివి తింటే వాంతులవుతాయి. బెల్లం వేసి బాగా కాచి, దగ్గు తగ్గుతుందని చిన్నాయనకు పట్టేది. నూలు దుమ్ము పీల్చీ పీల్చీ ఆయనకు దగ్గు పట్టుకుంది. ఏ దవాఖానకు తిరిగినా తగ్గలేదు, ఆ నల్ల పాకం తాగినా తగ్గలేదు. సంక్రాంతి దాటిన చలిరోజుల్లో ఒక పొద్దున, మగ్గం మీద చీర సగంలో ఉండగా, చిన్నాయన పోయాడు.

పదకొండో రోజు కాగానే అవ్వ వెనక కొట్టానికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. కొడుకును ఆ చెట్టే మింగిందని, ఆ నల్ల పాకమే రక్తం చల్లబరిచిందని గట్టిగా అనేది. చిన్నమ్మ రోజూ దానికి నీళ్లు పోస్తూనే ఉంది. నెల గడిచాక ఒకరోజు, అందరం అన్నాలు తింటుంటే, తలుపు వారన నిలబడి మా నాయినతో అన్నది: "బావా, ఆ మగ్గం నేను నేస్త. పక్కన కూసొని కూసొని పని మొత్తం తెల్సింది. నన్ను నేయనియ్యుండ్రి, ఈడ్నే ఉంట." నాయిన కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. అవ్వ మాత్రం ముద్ద మింగకుండానే అందుకుంది. "ఆడిది గుంతల దిగుతదా? వాడు కాళ్లు పెట్టిన జాగల నువ్వు కాళ్లు పెడ్తవా? వానలు పడేదాకా ఉండి అచ్చంపేటకు పో. మీ అన్నలున్నరు గద." చిన్నమ్మకు పిల్లలు లేరు. అన్నల ఇంట్లో వదినల చేతికింద బతకడమంటే ఏమిటో ఆమెకు తెలుసు, మా అమ్మకు తెలుసు, ఆ మాట అన్న అవ్వకూ తెలుసు. మగ్గం దక్కితే ఈ ఇంట్లో మనిషి, దక్కకపోతే అక్కడ పనిమనిషి. ఆ పూట చిన్నమ్మ అన్నం తినలేదు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం తిన్నాక ముందు గదిలో తడి చాపల మీద అందరం పడుకునేవాళ్లం. వీధిలో కుక్క కూడా కదిలేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం అవ్వ లేచి కూర్చుంది. "ఇన్నరా?" అన్నది. వెనక నుంచి సన్నగా, సర్రు, దబ్బు. ఆగింది. మళ్లీ సర్రు, దబ్బు. నాయిన పక్కింటి మగ్గమన్నాడు. పక్కింటివాళ్లు పెండ్లికి ఊరికి పోయి ఉన్నారని మా అమ్మ మెల్లగా అన్నది. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడటం నేను చూశాను. మర్నాడు పొద్దున నాయిన తాళం తీయించాడు. తలుపు తెరవగానే ఆ ఎలుక పిల్లల వాసన. చీకట్లో మగ్గం ఉన్నది ఉన్నట్టే ఉంది. నాయిన దీపం పట్టుకుని గుంతలోకి వంగి, గబుక్కున వెనక్కి జరిగాడు. నేను ఆయన చంక కింద నుంచి చూశాను. గుంత అడుగున, రెండు తొక్కుడు చెక్కల నడుమ, చిన్నాయన పాదాలు ఉండే చోట, తెల్లటి చిగుళ్లు నాలుగైదు లేచి ఉన్నాయి. ఆకుపచ్చ అన్నదే లేదు. చీకట్లో పెరిగి, పీనుగు కాలివేళ్ల లాగా పాలిపోయి, కొసలు కొద్దిగా వంగి ఉన్నాయి. "వొచ్చిండు. నా కొడుకు కాళ్లు వెట్టిండు," అని అవ్వ గుమ్మంలోనే కూలబడింది.

వెనక పెరట్లో దొరసాని చెట్టు అప్పటికి పైన పూర్తిగా ఎండిపోయింది. గోనె పరదా వెనక ఉత్త పుల్లలు. ఆ చెట్టుకు వేళ్ల మీద నుంచి దూరాన పిలకలు లేపే గుణం ఉందని నాకు ఇప్పుడు తెలుసు. గోడ అవతల ఎండకు తాళలేక, గోడ కిందినుంచి పాకి, చల్లగా తడిగా ఉన్న చోటు వెతుక్కుని లేచింది. అప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పినా మేం వినేవాళ్లం కాదు. ఎందుకంటే నాయిన రెండోసారి చూసింది చిగుళ్లను కాదు, చీరను. చిన్నాయన ఆపిన చోట అంచులో పసుపు మరక ఒకటి ఉండేది, ఆయన చివరి రోజున చేతికి అంటుకున్న పసుపు. ఆ మరక అవతల జానెడు కొత్త నేత ఉంది. "ఒక్క మనిషితోటి అయ్యేది గాదిది," అన్నాడు నాయిన. తాళంచెవి అవ్వ బొడ్లోనే ఉంది. తాళం మళ్లీ వేశారు. తర్వాత ఒకసారి తీసి చూస్తే చీర మూరెడు పెరిగింది, చిగుళ్లు చెక్కలను దాటాయి. కులపెద్దను పిలిస్తే, గుంత పూడ్చి, చెట్టును వేళ్లతో తీసేసి, ఆ చీరను తెంపి నీళ్లలో కలపమన్నాడు. మృగశిర పడగానే చేద్దామని నాయిన ఒప్పుకున్నాడు. చిన్నమ్మ అచ్చంపేట ప్రయాణం కూడా ఆ రోజుకే కుదిరింది.

నాకు భయం ఎంతో, కుతూహలం అంత. ఒక మధ్యాహ్నం చప్పుడు మొదలవగానే, అందరూ చెవులు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే, నేను పక్కసందులోంచి పెరట్లోకి పోయాను. గోనె పరదా ఎత్తితే ఎండు పుల్లల వెనక కొట్టం కిటికీ, దాని చెక్క తీసి ఉంది. గంజి కుండ అందించుకునే పాత కిటికీ అది, మనిషి దూరేంత ఉంటుంది, పొద పెరిగాక అందరూ మరిచిపోయారు. లోపల చీకటికి కళ్లు అలవాటు పడ్డాక కనిపించింది: గుంతలో చిన్నమ్మ. కొంగు నడుముకు బిగించి, తల వంచుకుని నేస్తోంది. ఎడమ పక్క పీట ఖాళీగా ఉంది. చెట్టుకు నీళ్లు పోస్తానని రోజూ వెనక్కి పోయే మనిషి ఏం చేస్తోందో అప్పుడర్థమైంది. నా నీడ పడగానే తలెత్తి చూసింది. భయపడలేదు, నవ్వలేదు. కిటికీ దగ్గరకొచ్చి "ఎవరికన్న చెప్తివా, నన్ను ఇయ్యాల్నే బస్సెక్కిస్తరు," అన్నది. చెప్పనన్నాను. "చిన్నమ్మా, ఆ కాళ్లంటే నీకు భయం గాదా?" అని గుంతలోకి చూపించాను. వెనక్కి తిరిగి ఆ తెల్ల చిగుళ్లను కాసేపు చూసింది. "భయమేందే, బతికున్నప్పుడు గూడ గిట్లనే కాళ్లకడ్డం పడేటోడు," అన్నది. అప్పుడు నవ్వింది. అంతలోనే కళ్లు తుడుచుకుంది. నేను చాలా ఏడ్చాను, ఎందుకో చెప్పలేను. వచ్చి చాప మీద పడుకుంటే అవ్వ నా ఒళ్లు పట్టి చూసి, పిల్ల జడుసుకుందని నుదుట విబూది పెట్టింది.

మృగశిర మబ్బులు కమ్మిన పొద్దున నాయిన గంపలకొద్దీ మన్ను తెచ్చి కొట్టం ముందు పోయించాడు. చిన్నమ్మ పెట్టె సర్దుకుని గడపలో కూర్చుంది. తలుపు తీశారు. చీర పూర్తయి ఉంది. కొంగుతో సహా, మగ్గం మీద, తెంపడం ఒక్కటే తక్కువ. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. అవ్వ ఒక్కతే పోయింది. ఆమె కండ్లు అప్పటికే మసక, బట్టను వేళ్ల వెనకవైపుతో తడిమి చూసేది. మగ్గం ముందు చతికిలబడి, పసుపు మరక దగ్గర మొదలుపెట్టి, వేళ్లను మెల్లగా జరుపుతూ పోయింది. చీర నడుమ మీద చెయ్యి ఆగింది. మళ్లీ వెనక్కి పోయి చూసుకుంది. చిన్నమ్మ మొహంలో నెత్తురు లేదు. దొరికిపోయిందని నాకు అర్థమైంది. అవ్వ ఎడమ అంచు మీదికి చెయ్యి జరిపింది. అక్కడ ఇంకా సేపు ఉంచింది. వాన మొదలైంది.

"నడుమ నేసింది నా కోడలు," అన్నది అవ్వ. నాయిన ఉలిక్కిపడి చిన్నమ్మ వైపు చూశాడు. "గుంతల దిగింది. నేత ఒదులుగున్నది, దాని చెయ్యింక కుదరలే." అని ఊపిరి తీసుకుని, అంచును బొటనవేలితో రుద్దింది. "గని అంచు అందిచ్చింది అది గాదు. దాని అంచు చెయ్యి నాకు తెల్వదా, ఇన్నేండ్లు చూడలే? ఈ బిగువు నా కొడుకుది. వాడే పక్కన కూసొని అందిచ్చిండు. వాడే కూసున్నంక ఒద్దనేటందుకు నేనెవరు, నువ్వెవరు?" బొడ్లోంచి తాళంచెవి తీసి, చిన్నమ్మ ఉన్న దిక్కుకు చెయ్యి చాపింది. చిన్నమ్మ లేచి వచ్చి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆ మొలకలను తవ్వి బయట వెట్టు. కాళ్లకు అడ్డం," అని కూడా అన్నది అవ్వ. చిన్నమ్మ గుంతలోకి దిగి, వేళ్లు తెగకుండా తవ్వి, ఎండిపోయిన పొద ఉన్నచోటే వానలో నాటింది. గుంత పూడ్చడానికి తెచ్చిన మన్నంతా వాటి మొదట్లో పోశారు. అవి వారంలో పచ్చబడ్డాయి. ఆ తర్వాత ఎండాకాలాల్లో గోనెలు తడిపి కట్టింది అవ్వే, గంజినీళ్లు పోసిందీ అవ్వే. చీర షావుకారుకు పోయింది. ఎవరు కొన్నారో, ఎవరి పెండ్లిలో ఎవరు కట్టుకున్నారో తెలియదు. చిన్నమ్మ పక్క పీట మీద మా అమ్మ కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆడమనిషి గుంతలో కూర్చుంటే వింతగా చూడటం కొన్నాళ్లకు అందరూ మానేశారు.

అవ్వ ఆరోజు ఆడింది అబద్ధమని, మనసు కరిగి కోడలికి మగ్గం ఇచ్చేందుకు కొడుకును అడ్డం పెట్టుకుందని నేను ఇన్నేళ్లూ నమ్మాను. ఎంత తెలివైన ముసలామె అని చాలామందికి చెప్పి మురిసిపోయాను కూడా. చదువుకున్నాక మనకు అన్నిటికీ ఒక కారణం దొరుకుతుంది. చిగుళ్లకు వేళ్లు కారణం, చప్పుళ్లకు చిన్నమ్మ కారణం. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ తట్టలేదు. నర్సరీ నుంచి కారులో వస్తూ, ఒళ్లో మొక్క వాసన వేస్తుంటే, అప్పుడు తట్టింది. ఇంటికి పోవలసినదాన్ని, కారును గద్వాల దారి పట్టించాను.

చిన్నమ్మ ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నడుము వంగిపోయింది, మగ్గం మానేసి చాలా కాలమైంది. ఆ వెనక కొట్టం లేదు, దొరసాని చెట్టు పెరట్లో బండలు పరిచినప్పుడు పోయింది. మా వీధిలో ఇప్పుడు గుంతలు తక్కువ. ఇనుప చట్రాల మీద ఎత్తుగా బిగించిన మగ్గాలు, ముందు కుర్చీలు, పైన ఫ్యాన్లు. మోకాళ్లకు ఎంతో సుఖం, ఆ సుఖాన్ని నేను తప్పుపట్టను. ఆమె మంచం పక్కన ఎడమవైపు పాత పీట ఒకటి ఉంటే కూర్చుందామని లాగాను. "దాని మీద ఒద్దు బిడ్డా, మంచం మీద కూసో," అన్నది. కూర్చుని మొక్కను చేతికిచ్చాను. ఆకు నలిపి వాసన చూసింది. సంచిలో మన్ను వేలితో నొక్కి తడి చూసింది. "ఎండ తగలనియ్యకు. మొదట్లో పొట్టు పరువు," అన్నది.

"చిన్నమ్మా, ఒకటి అడుగుత. ఆ చీర ఒక్కరితోటి కాదని నాయిన అన్నడు గద. నేను చూసినప్పుడు పక్క పీట ఖాళీగ ఉండె. మరి ఒక్కదానివే ఎట్ల నేస్తివి?"

ఆకును ఇంకా వేళ్ల మధ్య రుద్దుతూనే ఉంది. నా వైపు చూడలేదు. మంచం పక్కన పీటను చేత్తో ఒకసారి తడిమి, అది ఉన్నచోటే ఉందని చూసుకుంది.

"ఒక్కదాన్నే అని నీకెవరు చెప్పిన్రే?" అన్నది.